సుబ్బరావమ్మ తుడిచిన గోడ

ఎంతసేపూ మీ తాత మీసం గురించే అడుగుతారు గానీ, మీ చిన్ననాయనమ్మ సుబ్బరావమ్మ ఎలాంటిదని ఒక్కరైనా అడిగారా? నోళ్లు పడిపోయాయా? ఆవిడంటే నాకు కడుపుమంట, అందుకని నేను చెప్పలేదు. మీకేం రోగం?

పర్చూరు పిల్ల. నా మరిది పానకాలు పెళ్లాం. నా వెనకాల కాపురానికొచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు మిరప బాగా పండి, మా మామగారు ముందుగదికి ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేయించారు. అద్దంలో లాగా అందులో మొహం కనబడేది. అప్పటిదాకా ప్రత్తిపాడులో మాకు తెలిసింది సున్నం గోడలే. మాసితే ఇంకో పూత వేసేవాళ్లం. దీనిమీద సున్నం వెయ్యకూడదాయె. మామగారు నూనెతల ఆనించే చోట నల్లటి మచ్చ పడింది. గుమ్మం పక్కనంతా కళ్లం నుంచి వచ్చినవాళ్ల మిరప చేతుల ముద్రలు. గోడ మెరుపు పోకుండా ఎవరు శుభ్రం చేస్తే ఆ గది వాళ్లదని అత్తగారు అంది.

పెద్దకోడల్ని, నాదే అనుకున్నాను. నా బిందెల్లా మెరిసేవి ఊళ్లో ఎవరింట్లోనూ లేవు. అత్తగారే బూడిదా కొబ్బరిపీచూ చేతికిచ్చింది. నూనెమచ్చ తోమాను. మచ్చ పోయింది, మెరుపూ పోయింది. అంతమేరా గోడ పాలిపోయింది.

సుబ్బరావమ్మ గుమ్మం వైపు పట్టింది. కుంకుడు రసంలో నీళ్లు కలిపి పల్చన చేసింది. ముందు తలుపు చాటున కాస్త తుడిచి, రంగు గుడ్డకంటడం లేదని చూసుకుంది. పాత చీరముక్క ముంచి, గట్టిగా పిండి, కిందనుంచి పైకి తుడుస్తూ పోయింది. వెంటనే పొడిగుడ్డ.

"కిందనుంచేంటే, అంతా తలకిందులు?" అన్నాను.

"పైనుంచైతే నీళ్లు కారి కింద చారలు పడతాయక్కా. గోడనీ పొగాకు ఆకు ముట్టుకున్నట్టు ముట్టుకోవాలి. ఆకు గట్టిగా పట్టావో, చిరుగుద్ది."

పొగాకు తిప్పిన పర్చూరు చేతులు మరి. మిరపకాయలు కోసిన చేతులు నావి.

అత్తగారు నా గోడ చూసింది, దాని గోడ చూసింది. బూడిద ఎవరిచ్చారో మాటెత్తలేదు. "సుబ్బరావమ్మా, నీ పెట్టె తెచ్చి ఇక్కడ పెట్టుకో" అంది.

సుబ్బరావమ్మ ఆ గదిలో పిల్లల్ని పెంచింది, నేను వంటింటి పక్క గదిలో పొగ మింగాను. నా బూడిదమచ్చ మీద క్యాలెండరు తగిలించింది. నా పరువు కోసమో, తన గది అందం కోసమో, నేనడగలేదు. ఊళ్లో ఎవరు రంగులేయించినా గోడలు ఎలా తుడవాలో అడగడానికి ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. నా బిందెల సంగతి ఒక్కళ్లూ అడగలేదు.

ఆవిడ పోయాకే ఆ గది నాకొచ్చింది. క్యాలెండరు తియ్యలేదు. గోడ మాత్రం కిందనుంచే తుడుస్తాను, ఎవరూ లేనప్పుడు.

పోయేనాటికి సుబ్బరావమ్మకు యాభై ఎనిమిదేళ్లు.