కందిచేలోకి నా విమానం

నేను చేసిన మూర్ఖపు పనులు చాలానే ఉన్నాయి గానీ, రెండు సీట్ల విమానాన్ని కందిచేలోకి తోలిన ఘనత వేరు. ఇది చదివాక కూడా మీరు నన్ను తెలివిగలదాన్ననుకుంటే ఆ తప్పు నాది కాదు.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. నారాయణఖేడ్ బయట, ఎవరిదో బీడు భూమిలో వేసిన చిన్న రన్‌వే మీద విమానం నడపడం నేర్చుకుంటున్నాను. నేర్పేది యాదగిరి సార్, రిటైరైన పైలట్. ఆ రోజు సరిగ్గా దింపితే, ఒంటరిగా ఎగరడానికి సంతకం పెడతానన్నాడు. ఆరు నెలలుగా ఆ సంతకం కోసమే బతుకుతున్నాను. నోరు మూసుకుని పోయి దింపొచ్చుగా? లేదు! మా ఊరు సిర్గాపూర్ నుంచి అమ్మను, చర్చి ఆడవాళ్లను ఆటో నిండా పిలిపించాను. రాబోయేది పరీక్ష, నేను పిలిచింది పెళ్లికి పిలిచినట్టు.

తీరా దిగే వేళకు ఎడమ నుంచి అడ్డగాలి మొదలైంది.

"గాలి జోరుగున్నది, చూస్తున్నవా?" అన్నాడు పక్క సీట్లోంచి సార్.

"గీ గాలి నాకో లెక్కనా సార్?"

"లెక్కనే. ముక్కు గాలి దిక్కు పెట్టి రా. నేల దగ్గరికి రాంగనే సీదా చెయ్, ఎడమ రెక్క జర కిందికి వంచు. చక్రాలు ఆనినంక గూడ స్టిక్ వదలకు. గాలి రెక్క కింద దూరుతది."

"వందసార్లు చెప్పిండ్రు సార్."

"నూటొకటోసారి చెప్తున్న. ఇను."

నిజం చెప్పాలంటే, దింపడం బ్రహ్మాండంగా దింపాను. ఎడమ చక్రం ముందు, కుడి చక్రం తర్వాత, మెత్తగా ఆనాయి. కంచె అవతల అమ్మావాళ్లు స్తోత్రమంటూ రెండు చేతులూ పైకెత్తారు. మా చర్చిలో ఒకరు ఎత్తితే అందరి చేతులూ లేస్తాయి. కానీ నాది భక్తి అనుకునేరు! అందరూ నన్నే చూస్తున్నారన్న మిడిసిపాటు. విమానాన్ని అదుపులో ఉంచే ఆ స్టిక్ వదిలేసి నేనూ రెండు చేతులూ ఎత్తాను.

"ఏయ్! స్టిక్! స్టిక్ పట్టు!"

గాలికి ఆ మాత్రం సందు చాలు. ఎడమ రెక్క లేచింది, ముక్కు ఎడమకు తిరిగింది, విమానం మొండి దున్నలా రన్‌వే దిగి కందిచేలోకి నడిచింది. సార్ ఎలాగో ఆపాడు. మాకేమీ కాలేదు, దెబ్బంతా కందికే.

సార్ నా వైపు తిరిగాడు. "ఇంక దించుతవా చేతులు?"

నిజమే, ఇంకా దించలేదు.

అమ్మ చీర ఎత్తిపట్టుకుని ఉరికొచ్చింది. ఒళ్లంతా తడిమి, బతికే ఉన్నానని నమ్మకం కుదిరాక మొదలుపెట్టింది.

"చేతులెందుకు లేపినవే?"

"మీరు లేపిండ్రు గదనే అమ్మా..."

"మేం నేల మీద ఉండి లేపినం. నీ చేతుల విమానముండె! స్తోత్రం మేం చెప్తం గని, నువ్వు నడుపుడు సూస్కో బిడ్డా!"

సార్ సంతకానికని తీసిన కలానికి మూతపెట్టి జేబులో వేసుకున్నాడు. "ఆరు నెలల నుంచి నేను మొత్తుకునేది గిదే. సంతకం వచ్చే నెల చూద్దాం."

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా అర్హత లేదనిపించి మానేశాను.

కాబట్టి పాఠకులారా, ప్రమాణం చేస్తున్నాను: ఇంజన్ ఆగి తాళం నా జేబులో పడేదాకా, దేవదూతలే దిగొచ్చి రన్‌వే పక్కన నిలబడినా నా చేతులు లేవవు. ప్రమాణమన్నాక కుడిచెయ్యి ఎత్తాలంటారా? క్షమించాలి, స్టిక్ పట్టుకునే చెప్తున్నాను.