రజాక్ సార్ రాయించుకున్న అర్జీ

మా బడిలో తెలుగు చెప్పే రజాక్ సార్‌కు కొట్టివేతలు లేని వ్యాసం కనిపిస్తే నిద్ర పట్టదు. రెండు చోట్లయినా కొట్టేసి రాస్తేనే సొంత రాత, లేకపోతే ఎక్కడిదో దించిన రాత అని ఆయన లెక్క. బీరువాలో పదేళ్ల గైడ్లు దాచి, దొంగ వాక్యాన్ని పేజీ నంబరుతో సహా పట్టుకుంటాడు. మొన్న స్టాఫ్ రూంలో నా టిఫిన్ డబ్బాలో పచ్చడి రుచి చూసి, "గిది మీ ఇంట్ల చేసింది కాదు యుగేందరూ" అన్నాడు. కొన్నదే అనుకోండి, అయినా నాకు ఒళ్లు మండింది.

పాఠం చెప్పడంలో మాత్రం ఆయనకు సాటి లేదు. క్రియ లేని వాక్యం కేసముద్రం మార్కెట్ యార్డులో ఇంజన్ ఆగిన ట్రాక్టర్ లాంటిదని చెప్తాడు. ఎత్తుగడ ఎట్లా ఉండాలో, పేరా ఎక్కడ మార్చాలో పిల్లల చేతనే చెప్పిస్తాడు.

జిల్లా వ్యాసరచన పోటీకి బడికొక్క పేరే పంపాలి. 'మా ఊరి బాట' మీద రాయమంటే, పదో తరగతి దీప రాసింది అందరికంటే బాగుంది. తండా పిల్ల, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, చివరి బెంచీలో నోరు విప్పదు. 'వాగు వచ్చినప్పుడల్లా మా తండా నాలుగు రోజులు ఈ మండలంలో లేనట్టే' అని మొదలుపెట్టి, 'కావున తమరు దయతో పరిశీలించగలరు' అని ముగించింది. ఒక్క కొట్టివేత లేదు.

"పిల్ల రాసింది కాదిది. కలెక్టరాఫీసు ముంగట అర్జీలు రాసేటోని చెయ్యి" అన్నాడు రజాక్ సార్.

పిలిచి అడిగాడు. "నేనే రాసిన సార్" అంది. ఎక్కడ నేర్చుకున్నావంటే తల దించుకుంది. ఆ మౌనమే ఆయనకు రుజువైపోయింది. దీప పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాశాడు. ఆ పేరు సోమవారం జిల్లా కేంద్రం మహబూబాబాద్‌కు పోవాలి. నేను ఆ పిల్ల తరఫున అడగాల్సింది పోయి, నా క్లాసుకు వెళ్లిపోయాను. అది నా తప్పే.

ఆదివారం పొద్దున్నే నన్ను బండెక్కించుకున్నాడు. అసలు రాసినవాణ్ని పట్టుకోవాలట, నేను సాక్షినట.

దీప ఇంటి ముందు రేకుల పందిరి కింద పదిమంది కూర్చున్నారు. అందరి చేతుల్లో ఆధార్ జిరాక్సులు. నడుమ దీప, ఒళ్లో చెక్క, చెక్క మీద తెల్లకాగితం. మర్నాడు కలెక్టరాఫీసులో జనం అర్జీలు ఇచ్చుకునే ప్రజావాణి. తండావాళ్ల అర్జీలన్నీ ఆమే రాస్తుందట. అమర్‌సింగ్ అనే రైతు తన పొలం హద్దు గొడవ చెప్తుంటే కలం ముట్టకుండా విన్నది. తేదీ అడిగింది. ఎవరు ఏం చేశారో అడిగింది. తర్వాతే రాసింది. రజాక్ సార్ గుర్తుపట్టిన చెయ్యి సరైనదే, కాకపోతే అది మా చివరి బెంచీలోనే ఉంది.

"మరి బడిల అడిగితే చెప్పకపోతివేంది?" అన్నాను.

దీప నాయనమ్మ గంగి అందుకుంది. "మా ఇండ్ల కష్టాలు రాసే పిల్ల, బయట నోరిప్పొద్దని నేనే ఒట్టు వెట్టిచ్చిన. మీరు గూడ అర్జీకే వచ్చిన్రా సారూ? గట్లయితే లైన్ల కూసోండ్రి."

రజాక్ సార్ వెనక్కి తిరిగిపోతాడనుకున్నాను. పోయి లైన్లో చివరనున్న ప్రేమ్‌సింగ్ వెనకాల నేల మీద కూర్చున్నాడు. గంటసేపు అందరితో పాటే ముందుకు జరుగుతూ వచ్చాడు.

ఆయన వంతు వచ్చేసరికి దీప లేచి నిలబడింది.

"కూసో బిడ్డా. మన బడి పెద్దసారుకు రాయాలె."

"విషయం ఏంది సార్?"

"పోటీకి పోయే పిల్ల పేరు కొట్టేసిన. మల్ల పెట్టాలె."

కలం ఆగింది. పందిరి కింద అందరూ ఆయన్నే చూస్తున్నారు. దీప తల ఎత్తకుండానే అడిగింది.

"పొరపాటున కొట్టేసిన్రని రాయాల్నా సార్?"

"పొరపాటు కాదు. తండా పిల్లకు గంత తెలుగెట్లొస్తదని అనుమానపడ్డ. గదే రాయి."

ఆమె అదే రాసింది. సంతకం పెట్టే చోటు వేలితో చూపించి, ఆయన పెట్టేదాకా ఆగి, "తర్వాతెవలు?" అంది.