కూర్మయ్య బ్రేకుల పందెం

మా బావ కూర్మయ్యకు పాతపట్నంలో బ్రేకుల షెడ్డు ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆయన లోకమంతా బ్రేకులే. పెళ్లిపీటల మీద మా అక్క మెడలో తాళి కట్టబోతూ, బయట ఏదో జీపు కీచుమంటే, "ప్యాడ్లు అరిగిపోనాయి" అన్నాడు. పంతులుగారు మంత్రం మరిచిపోయారు. అలాంటి మనిషికి బావమరిదిని కావడం నా ప్రారబ్ధం.

చింతపండు వ్యాపారి జగన్నాధంగారు 2015లో కొత్త ఎస్‌యూవీ కొన్నారు. సరుకు బేరానికి వారానికి రెండుసార్లు ఒడిశా కొండలెక్కి దిగుతారు. దిగేటప్పుడు డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో పెట్టి, బండి బరువంతా బ్రేకు మీదే మోపేస్తారు. ఎనిమిది నెలలకే ముందు ప్యాడ్లు అరిగి రేకు తేలింది. డిస్కుల మీద గాట్లు పడ్డాయి.

"గేర్లోన దింపండి బాబూ. ఇంజనే సగం ఆపుతాది," అని బావ మొత్తుకున్నాడు.

"మరి బ్రేకులున్నది ఎందుకేటి?" అన్నారాయన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

బావ విశాఖపట్నం నుంచి పెద్ద డిస్కులు, వేడికి తట్టుకునే ప్యాడ్లు, వాటికి తగ్గ సామాను తెప్పించి బిగించాడు. ఏం సంబరమో, కొత్త డిస్కులో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. దసరా ముందురోజు నాలుగుసార్లు తొక్కి చూస్తే బండి ఠక్కున ఆగింది. ఆ ఊపులో నలుగురి ముందు నోరు జారాడు.

"రేపు పూజయ్యాక మీరే సూడండి బాబూ. వాలులోన గీసిన గీత కాడ బండి ఆగకపోతే నా షెడ్డు బోర్డు నానే దింపేస్తాను."

ఊరుకో బావా అంటే వినే రకం కాదు. ఆ బోర్డే ఆయన పరువు, మా అక్క సంసారం.

దసరా పొద్దున్న జగన్నాధంగారు, ఆయన భార్య సుభద్రమ్మగారు షెడ్డుకొచ్చారు. బొబ్బిలి నుంచి పండక్కొచ్చిన ఆవిడ పుట్టింటివాళ్లూ వెంట ఉన్నారు. ఆవిడే బండికి పూజ చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. షెడ్డు ముందరి వాలులో నేను ముగ్గుపిండితో గీత గీసి పక్కన నిలబడ్డాను.

జగన్నాధంగారిని పక్కన కూర్చోబెట్టుకుని బండిని వాలులో దింపి, బావ గీత దగ్గర బ్రేకు తొక్కాడు. బండి గీత దాటింది. నన్నూ దాటింది. బావ హ్యాండ్ బ్రేకు లాగాడు గానీ, అప్పటికే బండి మూతి వాలు చివరున్న గడ్డివామిలో దూరింది. జగన్నాధంగారు కిటికీలోంచి పడ్డ గడ్డి నెత్తినేసుకుని దిగారు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. బోర్డు సంగతి గుర్తొచ్చాక నవ్వు ఎండిపోయింది.

బావ చక్రం విప్పాడు. డిస్కు నిండా నువ్వులనూనెలో కలిపిన పసుపు. ప్యాడ్లు నానిపోయాయి. నేను సుభద్రమ్మగారి పళ్లెం వైపు చూశాను. పసుపు గిన్నె ఖాళీ.

"ఏటైనాది కూర్మయ్యా?" అన్నారు జగన్నాధంగారు.

బావ గబగబా డిస్కును తువ్వాలుతో తుడిచేశాడు. "నా బిగింపులోనే తప్పున్నాది బాబూ," అన్నాడు. స్టూలు తెచ్చుకుని బోర్డు కిందకు వెళ్లాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిస్తే నన్ను నమిలేసేలా చూశాడు.

ఆయన మేకు పీకబోతుంటే సుభద్రమ్మగారు వెళ్లి స్టూలు పట్టుకున్నారు.

"దిగు కూర్మయ్యా. పసుపు రాసింది నాను. బండికి కొత్త కాళ్లు కదా, పసుపు లేకుండా ఎలాగ పంపుతామనుకున్నాను."

జగన్నాధంగారు భార్యను చూశారు, బావను చూశారు. "నాలుగు కాళ్లకీ రాసినావేటి?"

"ఎనక సక్రాలకి సెయ్యి దూరలేదు."

ఆయన పగలబడి నవ్వారు. నెత్తిమీది గడ్డి రాలింది. బొబ్బిలివాళ్లు నవ్వలేక కూలబడ్డారు. బావ డిస్కులు కడిగి, షెడ్డులో ఉన్న ఇంకో జత ప్యాడ్లు వేశాడు. ఈసారి బండి గీత మీద ఆగింది.

అందరూ వెళ్లాక అడిగాను. "అబద్ధం ఎందుకాడినావు బావా?"

"బోర్డుదేటుందిరా, ఇంకోటి రాయించుకుంటాను. పుట్టింటోళ్ల ముందర మొగుడు ఆయమ్మని ఒక మాటంటే, అది ఎవులు సరిసేస్తారు?"

నాకు కళ్లు చెమర్చాయి. చూస్తే తిడతాడని, పానా వెతుకుతున్నట్టు వంగాను.