ఊయల గదికి బొమ్మలొద్దు

నూలు మిల్లు మూతపడి ఏళ్లు గడిచినా వాడలో అందరూ ఆవిడను సైరన్ పిన్ని అనే పిలిచేవారు. యంత్రాల హోరులోనూ ఆవిడ కేక ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించేది మరి. పెద్దకొడుకు పుట్టాక పసిగుడ్డును ఎక్కడ ఉంచి పనికి రావాలో తోచలేదు. తోటి ఆడవాళ్లను కూడగట్టి, పిల్లల్ని చంకనేసుకుని నేరుగా మేనేజరు గదిలోకి నడిచింది. ఆయన బల్ల మీద పడుకోబెట్టిన తన పిల్లాడు అక్కడే తడిపేశాడు. ఆ వారంలోనే గోదాం పక్కన ఊయల గది వెలిసింది.

ఇప్పుడు ఆ మిల్లును మ్యూజియం చేస్తున్నారు. మ్యూజియం కమిటీ వాళ్లు నమూనా చూడ్డానికి రమ్మంటే పిన్ని కోడలిని వెంటబెట్టుకుని సంబరంగా వెళ్లింది. బల్ల మీద అట్టతో చేసిన చిట్టి మిల్లు. ముందు హాల్లో యజమాని కారు, ఆయన నిలువెత్తు పటం. ఊయల గదిలో ఒకే ఒక్క ఊయల, అందులో ప్లాస్టిక్ బొమ్మ, చుట్టూ ఎవరూ ముట్టుకోకుండా తాడు.

"ఇదేంటమ్మాయ్?" అని నమూనా చేసిన ఆర్కిటెక్టును అడిగింది.

"మీ కథేనండీ. వచ్చినవాళ్లు చూస్తారు."

"నా కోడలితో కుట్టుపనికి పోయేవాళ్లు పిల్లల్ని రోజుకో గుమ్మంలో వదిలిపోతున్నారు. బొమ్మకైతే గదిస్తారు, పిల్లలకివ్వరా?"

కమిటీ అధ్యక్షుడు అడ్డొచ్చాడు. "అమ్మా, మ్యూజియమంటే పాతవి దాచే చోటు."

"మేమింకా పాతబడలేదు బాబూ!"

ఆ మాటతో ఊరుకోలేదు. గోడలకు సున్నాలు వేసే రోజున, కుట్టుపనికి పోయే తల్లుల పిల్లలందరినీ పోగేసుకుని, వాడలోని అమ్మమ్మలు, నానమ్మలతో ఊయల గదిలో దిగింది. పాత కొక్కేలకు చీరలు కట్టి పిల్లల్ని పడుకోబెట్టారు. కాంట్రాక్టరు ఉరుముకుంటూ వచ్చాడు.

"నెమ్మదిగా మాట్లాడు నాయనా. లేచారంటే జోకొట్టేది నువ్వే."

అతని గొంతు తనకు తెలియకుండానే తగ్గింది. వీళ్లను బయటికి పంపమని మేస్త్రీకి సైగ చేశాడు. మేస్త్రీ సున్నం కుంచె కింద పెట్టేశాడు.

"మా ఆవిడా కుట్టుపనికే పోతుందండీ. ఆ మూల ఊయల్లో ఉన్నది మా బుడ్డదే. నేను లేపను."

ఆ రోజు పని సాగలేదు, మర్నాడూ సాగలేదు. మూడో రోజు ఆర్కిటెక్టు వచ్చి నేల మీద చతికిలబడింది. "బొమ్మ తీసేస్తాను పిన్నిగారూ. ఇక్కడ ఏమేం కావాలో చెప్పండి." వీధిలోకి తలుపు, నీళ్ల కుళాయి, తల్లులు పాలివ్వడానికి చాటు. అన్నీ పిన్ని ఎదుటే గీసింది. కమిటీ మొహం గంటు పెట్టుకునే ఒప్పుకుంది. కారును మాత్రం అంగుళం కూడా కదపలేదు. దాని పక్కన ఆనాడు మేనేజరు గదిలో జరిగిన సంగతి రాసిపెట్టమంటే, రుజువేదన్నారు. ఆ ఓటమి పిన్నికి ఇప్పటికీ మంటే.

ప్రారంభోత్సవానికి మాత్రం కబురొచ్చింది. పాత చీర కట్టుకుని యంత్రం ముందు దారం తీస్తున్నట్టు కూర్చోవాలట.

"ఇక్కడ పని చేశానుగానీ, చేసినట్టు ఏనాడూ నటించలేదు. మాట్లాడమనండి, వస్తాను" అని చెప్పి పంపింది.

మాట్లాడమని ఎవరూ పిలవలేదు. అయినా కొత్త చీర కట్టుకుని వెళ్లి మొదటి వరుసలో కూర్చుంది.

"ఇది ఎవరి కుర్చీ అనుకున్నారమ్మా?" అన్నాడొకాయన కంగారుగా.

"కనబడ్డంలేదా? నాదే" అని పిన్ని కాళ్లు బారజాపుకుంది.