బావకి బట్టీ పట్టించిన పరీక్ష

పదకొండు దాటింది. బయట ముసురు. పొద్దున ఏమీ తినలేదు, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. మెదడు డాక్టరు గది ముందు బావ, నేను కూర్చున్నాం. బావంటే మా అక్క మొగుడు. భవనాలకి పైపులతో పరంజా కట్టేవాడు, నాకు పని నేర్పింది ఆయనే. పట్టు చూసి సైటులో అందరూ ఉడుము అనేవారు.

ఆ ఉడుమే రెండు నిలువుల ఎత్తు నుంచి పడ్డాడు. తలకి దెబ్బ. అప్పట్నుంచి పైపుల్ని కలిపే క్లాంపు బిగించి నాలుగడుగులు వేసి, బిగించానా లేదా అని వెనక్కొచ్చేవాడు. డాక్టరు కాగితం తేకపోతే పైకి ఎక్కనివ్వనని మేస్త్రీ తేల్చేశాడు. ఎక్కకపోతే బావకి ఇంకో పని రాదు.

ముందు వారమే ఒకసారి వచ్చాం. డాక్టరు ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే బావకి రెండే గుర్తున్నాయి. గడియారం బొమ్మలో అంకెలన్నీ ఒక పక్కకే పోగేశాడు. నిద్రలేమి కావచ్చు, వారం ఆగి రమ్మన్నాడు డాక్టరు. పక్కనున్న నాకు ఐదూ గుర్తున్నాయి. గొడుగు, చెరుకు, తలుపు, ఎరుపు, మేక. వారమంతా బట్టీ పట్టించాను. గడియారం వంద సార్లు గీయించాను.

ఈసారీ డాక్టరు అవే మాటలడిగాడు, బావ గడగడా అప్పజెప్పాడు. మెదడులో ఏమీ లేదు, ఇది పడ్డ భయమేనన్నాడు డాక్టరు.

"మీ బుర్రలో ఏమీ లేదని పెళ్లైన కొత్తలోనే చెప్పానుగా," అంది అక్క, ఇంటికొచ్చి చెప్పగానే. చాన్నాళ్లకి నవ్వింది.

డాక్టరు పంపిన కౌన్సెలింగు ఆవిడ నోటుబుక్కులో మధ్యకి గీత కొట్టించింది. అనుమానం ఎడమ పక్క రాయాలి, జరిగింది కుడి పక్క. వెనక్కెళ్లి చూడాలనిపించినా చూడకూడదు. నెలంతా కింది పనిలో, నేను చూసి చెబితే, 'బిగించలేదేమో' పక్కన 'బిగించే ఉంది' అనే పడింది. డాక్టరు కాగితం చూసి మేస్త్రీ పైకి ఎక్కనిచ్చాడు.

ఒక మధ్యాహ్నం పై వరుస పలక మీద కాలు పెట్టాను. కింద పైపు జారింది. నిలువు పైపు చేతికి దొరికింది కాబట్టి బతికాను. క్లాంపు నట్టు చేత్తో తిప్పి వదిలేసి ఉంది, పానా తగల్లేదు. కట్టింది బావ.

"చూసొద్దామనిపించిందిరా," అన్నాడు. "ఉత్త అనుమానమేలే అని ఊరుకున్నా."

"ఆవిడ తప్పేం లేదు బావా. పరీక్షే దొంగది. నేను చేయించిందే."

"నేర్పింది నువ్వు. అప్పజెప్పింది నేనేగా."

రేపు వెళ్లి డాక్టరుకి నిజం చెప్దామన్నాను. తలూపాడు. ఆ సాయంత్రం పైపుకి గీరుకున్న నా చేతులకి తనే మందు రాశాడు.

మర్నాడు పొద్దున్నే అక్క నా గుమ్మంలో ఉంది. లేచేసరికి ఆయన లేడట, ఒక్క మాటైనా చెప్పలేదట. ఎక్కడికెళ్లాడని నన్నడిగింది. అది నాకూ తెలీదు. ఎందుకెళ్లాడో మాత్రం, నేను బట్టీ పట్టించిన పరీక్ష దగ్గర్నుంచి జారిన పైపు దాకా, అక్కడే, నిలబడే చెప్పాను.