తాటిచెట్టు మీద ఏరియల్

ఆ రోజుల్లో నడివయసు మగవాళ్లకు ఏదో ఒక పిచ్చి పట్టేది. ఒకరికి పేకాట, ఒకరికి హోమియోపతి. నాకు మాత్రం హామ్ రేడియో తిరగబెట్టింది. కాలేజీ రోజుల్లో ఒకసారి వచ్చి తగ్గిన జబ్బే అది. అప్పట్లో నేనూ, నా గదిలో ఉండే బక్కోడూ చదువు పక్కన పెట్టి మరీ మోర్సు నేర్చుకున్నాం. టిక్కు టిక్కుమని మీట నొక్కి, చుక్కలూ గీతలతోనే రేడియోలో ఎక్కడో ఉన్నవాడితో మాట్లాడటమన్నమాట. తర్వాత ఉద్యోగాలొచ్చాయి, పెళ్లిళ్లయ్యాయి, సెట్టు అటకెక్కింది.

తొంభైల మొదట్లో నన్ను భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక బడికి బదిలీ చేశారు. సాయంత్రాలు తోచక సెట్టు దించి దుమ్ము దులిపాను. (నక్సలైట్లు తిరిగే ఆ అడవిలో తీగలు కట్టేవాణ్ణి పోలీసులు ఊరికే వదలరు కనుక, లైసెన్సుకు అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన వేలాడదీశాను.) ఎన్ని వారాలు పిలిచినా ఎవడూ పలకలేదు. "ఎవలన్న పలికిన్రా?" అని మా ఆవిడ రోజూ అడిగేది, కుదరని పెళ్లిసంబంధం గురించి అడిగినట్టు. చివరికి విశాఖలో ఉన్న బక్కోడికి కార్డు రాశాను, ఆదివారం సాయంత్రం పిలుస్తాను, వినమని. వాడు ఆ పిచ్చి మానలేదని తెలుసు. వాడూ పలకకపోతే సెట్టు అమ్మేస్తానని మా ఆవిడకు మాటిచ్చాను. మాటైతే ఇచ్చాను గానీ, ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

లోపం ఏరియల్ తీగది, ఎత్తు చాలలేదు. ఇంటి వెనక ఉన్న తాటిచెట్టు, పక్క గూడెం పెద్దయ్యది. అడిగితే, "కట్టుకో సారూ, చెట్టుకేమన్న బరువా?" అని ఆదివారం తనే ఎక్కి తీగ కట్టాడు. కానీ చెట్టెక్కినవాడు ఉత్తచేతులతో దిగడం వాళ్లలో లేదు. దించిన కల్లు తాగకుండా చెట్టు కింది మనిషి కదలడం అసలే లేదు. తాటిరేకు మడిచి నా చేతిలో పెట్టి, కుండ వంచాడు. తాగాను. చూస్తే తీగ వేలాడుతోంది. మళ్లీ ఎక్కాడు, బిగించాడు, మళ్లీ రేకు.

"వద్దు పెద్దయ్యా, పనున్నది."

"గట్లంటే చెట్టుకు కోపమొస్తది సారూ. చెట్టుతోని పనివడ్డది నీకే గద."

న్యాయమే అనిపించింది. తీగ సరిగ్గా కుదిరేసరికి చెట్టుకు నామీద ఏ కోపమూ మిగల్లేదు.

వేళకు సెట్టు ముందు కూర్చున్నాను. మీటలు రెండు కనిపిస్తే మధ్యలో ఉన్నదాన్ని నొక్కాను. నా స్టేషను పేరు నాకే గుర్తురాక గోడ మీది లైసెన్సు చూసి కొట్టాను. చుక్కలు సాగి గీతలయ్యాయి, గీతలు ఎక్కడ ఆగాయో నాకూ తెలియదు. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడప దగ్గర నిలబడింది. "గిట్లనా మీరు నేర్చుకున్నది?"

సెట్టు కాసేపు గరగరలాడింది. తర్వాత సన్నగా జవాబు మొదలైంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఒక్కో అక్షరమే రాసుకుని కూడబలుక్కున్నాను. "పేరు చెప్పక్కర్లేదు. ఇంత అధ్వాన్నంగా కొట్టేది నువ్వొక్కడివే. నీ చెయ్యి ఏం మారలేదురా."

నేను ఏడ్చాను. కల్లు వల్లేనని మా ఆవిడ అంది, నేనూ అవునన్నాను. సెట్టు అమ్మలేదు.

కుర్రతనంలో నా మోర్సు ముత్యాల్లా ఉండేదని అంతకుముందు అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఒళ్లు తెలిసి కొట్టినా తెలియక కొట్టినా ఒకటేనని తేలాక ఆ మాట మానేశాను. ఇప్పుడు ఆ నడివయసువాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా. ఎంత చెడగొట్టినా గుర్తుపట్టేవాడు ఒకడు, అతనికి అప్పటికింకా అవతలి కొసన బతికి ఉన్నాడు.