ఏటి అవతల చెల్లని కార్డు

మా ముత్తాత తుంగభద్ర ఒడ్డున ఐదు ఊళ్లకు పట్వారీ. తహసీల్ కచేరీలో ఆయనకు కుర్చీ వేసేవారు. తాత కాలానికి ఊళ్లు మూడయ్యాయి గానీ, ఆయన గుర్రం మీద వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా నాయన చివరి పట్వారీ. ప్రభుత్వం ఆ కొలువులు రద్దు చేసిన నాడు దస్తరాలన్నీ మూటగట్టి అప్పగించి, రసీదు అడిగి మరీ తీసుకుని వచ్చాడు.

నాయన భూమి అమ్మడం నా చిన్నప్పుడే మొదలైంది. కోర్టు వ్యాజ్యాలు ఒక్కో చెలకనే మింగేశాయి. అయినా ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. పట్వారీ కొడుకు నలుగురి ముందు నిలబడి, భూమి అమ్ముకుంటున్నానని సంతకం పెట్టడమా? కొనేవాళ్లనే ఇంటికి పిలిచి, వసారాలో బల్ల ముందు కూర్చుని, తెల్లకాగితం మీద రాసిచ్చేవాడు. నా రాత ఉండగా ఇంకో ముద్ర ఎందుకనేవాడు. వాళ్లూ నమ్మారు. భూములు పోయాయి, పట్టాలు మా పేరనే ఉండిపోయాయి. సర్కారు లెక్కలో మేము పెద్ద రైతులం. ఇంట్లో మాత్రం బియ్యం కొనుక్కుని తినేవాళ్లం.

తెలంగాణ వచ్చాక కొత్త రేషన్ కార్డులు ఇచ్చారు. పెద్ద జబ్బులకు సర్కారు ఖర్చుతో వైద్యం కావాలంటే ఆ కార్డు ఉండాలి. అప్పటికి నాయన పోయాడు, అమ్మకు ఆయాసం మొదలైంది. మా ఇంట్లో ఎవరూ ఎత్తని కార్డు మాట నేను ఎత్తాను. మండలాఫీసు గుమస్తా కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించాడు.

"గింత భూమి పెట్టుకొని కార్డుకు వస్తిరా దొరా? గరీబోళ్లకు ఏం మిగలనిస్తరు మీరు?"

వెనక వరుసలో నవ్వారు. ఆ భూమి ఎప్పుడో అమ్ముకున్నామని వాళ్లందరూ వింటుండగానే చెప్పాను. అయితే అమ్మినట్టు రిజిస్ట్రేషన్ కాగితం తెమ్మన్నాడు.

శనగలు నూర్చే రోజుల్లో ఒక పొద్దున అమ్మ గుండె పట్టుకుని కూలబడింది. మా ఏటి పక్క చెలక కొన్న రైతు, కబురు అందగానే తన జీపు తీసుకొచ్చాడు. మాకు పాలమూరు దూరం, హైదరాబాద్ ఇంకా దూరం. వంతెన దాటితే కర్నూలు. పురుడైనా పాముకాటైనా మా ఊరికి కర్నూలు దవాఖానలే దిక్కు. రాష్ట్రం రెండు ముక్కలైనంత మాత్రాన ఏరు వెడల్పేమీ పెరగలేదు కదా అనుకుంటూ దాటాం.

నరాలు పూడుకుపోయాయి, వెంటనే ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. హైదరాబాద్ తీసుకుపోతానంటే, జడ్చర్ల దాకా కూడా ప్రాణం ఆగకపోవచ్చన్నాడు. బిల్లు కౌంటర్ దగ్గరున్న అమ్మాయి కార్డు ఉందా అని అడిగింది. నా వెనక నుంచి రైతు చెయ్యి ముందుకు వచ్చింది. ప్లాస్టిక్ కవరులో తన కార్డు.

"నాది రాసుకో తల్లీ. దొరసాని మా అవ్వ లెక్కనే. మా ఇంటి మనిషే అని రాసుకో."

నా చెవులు కాలిపోయాయి. ఒకప్పుడు వాళ్ల అవ్వ మా పెరటి వాకిట్లో చల్ల కోసం నిలబడేది. వద్దని చెప్పవలసినవాణ్ణి. చెప్పలేదు. ఆ అమ్మాయి చెయ్యి కార్డు మీదికి వెళ్లడమే చూస్తూ నిలబడ్డాను.

"ఇది తెలంగాణది పెద్దాయనా, ఈడ చెల్లదు. మీదైనా చెల్లదు, ఆయనదైనా చెల్లదు."

"ఏరు దాటితేనే చెల్లకుండ పోతదా? వాన మాత్రం మీకూ మాకూ ఒక్కటే పడ్తది గద."

"వానకు కార్డు అడగరు పెద్దాయనా," అని ఆ పిల్ల నవ్వింది. ఆ తరువాత నా వైపు తిరిగి, సాయంత్రంలోగా అడ్వాన్స్ కట్టమంది.

మధ్యాహ్నానికి మా మేనత్త కొడుకు వచ్చాడు. షాద్‌నగర్‌లో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. నన్ను మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు. ఏటి పక్క చెలక ఇంకా నా పేరు మీదనే ఉందని, రోడ్డు పడ్డాక దానికి మంచి ధర పలుకుతుందని, నేను ఊఁ అంటే ఆపరేషన్‌కు పైసలు ఇప్పుడే కట్టి, రేపు రిజిస్ట్రేషన్ చేయించుకుంటానని చెప్పాడు. అది అమ్మేసిన భూమి అన్నాను.

"గా తెల్లకాగితం ఏ కోర్టుల నిలబడ్తది బావా?"

"అది మా నాయన రాసింది."

"అత్తను జూస్కుంటవా, మామ రాతను జూస్కుంటవా?"

మెట్ల కిటికీలోంచి చూస్తే కింద ఆ రైతు జీపుకు ఆనుకుని జొన్నరొట్టె తింటున్నాడు. నాది దయ కాదు. ఆ రాత అబద్ధమని నా సంతకంతో చెప్పడం నాకు చేతకాలేదు, అంతే. పైసలకు మరో దారి చూడమన్నాను. అంతదాకా అమ్మ బతికి ఉంటుందో లేదో నాకు తెలియదు. ఆ సంగతి తెలిసే ఆ మాట అన్నాను.

మిగిలింది ఇల్లొక్కటే. మా ఊళ్లో జాగాకు ధర లేదు, కర్రకు ఉంది. మా బావ ఫోన్లోనే కలప వ్యాపారితో బేరం కుదిర్చి, అడ్వాన్స్ కట్టించాడు. ఆపరేషన్ జరిగింది. మొత్తం బిల్లు కట్టేదాకా అమ్మను ఇంటికి పంపలేదు. కట్టాక వంతెన మీదుగా తిరిగి వస్తుంటే, ఇంటికేనా అని అడిగింది. గద్వాలలో రెండు గదులు కిరాయికి తీసుకున్నానని, దవాఖాన దగ్గర ఉంటుందని చెప్పాను. నా ముఖం వైపు కాసేపు చూసి, ఏటి వైపు తిరిగింది.

కార్డు ఈ రోజుకీ రాలేదు. కంప్యూటర్‌లో భూమి ఇంకా మాదే.

ఆ ఎండాకాలంలో మా ఇంటి టేకు స్తంభాలు, దూలాలు, ముందు వాకిలి తలుపులు, నాయన రాసుకున్న బల్ల, అన్నీ కర్ర లెక్కన అమ్ముడుపోయాయి.